పాడి పశువుకు మేత మార్చేటప్పుడు: పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు తట్టుకునేలా మార్చే పద్ధతి

"దాణా మార్చాక పాలు తగ్గాయి." "కొత్త గడ్డి వేసిన రెండో రోజు నుంచి పేడ నీళ్లలా వేస్తోంది." "గేదెకు ఫ్యాట్ ఏడు నుంచి అయిదున్నరకు పడింది, దాణాలో కల్తీ ఉందంటారా?" పాడి రైతులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. చాలాసార్లు దాణాలో కల్తీ ఉండదు, గడ్డిలో లోపమూ ఉండదు. మార్చిన వేగమే అసలు లోపం.

ఆవు గానీ గేదె గానీ పీచును తనంతట తాను అరిగించుకోలేదు. దానికి కావాల్సిన ఎంజైములు దాని ఒంట్లో తయారు కావు. ఆ పని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు చేస్తాయి. మనం తొట్టిలో వేసే మేత ముందు వాటికి అందుతుంది, అవి వదిలిన ఆమ్లాలు, చివరికి చచ్చిపోయిన వాటి శరీరాలు పశువుకు ఆహారమవుతాయి. కాబట్టి మేత ఎంత వేగంగా మార్చాలో తేల్చాల్సింది అవే.

1. ఎవరి పని ఏమిటి

పశువు పొట్టలోని నాలుగు గదుల్లో మొదటిది, అన్నిటికన్నా పెద్దది రూమెన్. ఊళ్లలో పెద్ద పొట్ట అంటారు. ఎదిగిన ఆవులో వంద లీటర్లకు పైగా పడుతుంది. లోపల ఆక్సిజన్ దాదాపు ఉండదు, వేడి 39 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. ఆ ద్రవంలో ఒక్క మిల్లీలీటరుకు వెయ్యి కోట్లకు తగ్గకుండా బ్యాక్టీరియా, లక్షల్లో ప్రోటోజోవా (ఒకే కణం ఉండే జీవులు) ఉంటాయి. శిలీంధ్రాలు, మీథేన్ తయారుచేసే ఆర్కియా వీటికి అదనం.

రైతు గుర్తుపెట్టుకోవాల్సినవి మూడు గుంపులు.

- పీచు తినేవి: ఫైబ్రోబ్యాక్టర్, రూమినోకాకస్ లాంటివి. గడ్డిని విడగొట్టి ఎక్కువగా అసిటిక్ ఆమ్లం ఇస్తాయి. పాలలో వెన్నకు ఇదే ముడిసరుకు. ఇవి నెమ్మదిగా పెరుగుతాయి. పీహెచ్ (పులుపును చెప్పే అంకె, అది తగ్గితే పులుపు పెరిగినట్టు) 6 కంటే తగ్గితే వీటి పని మందగిస్తుంది.
- పిండి తినేవి: మొక్కజొన్న, నూకలు, అన్నం వీటి మేత. వీటి పని వల్ల ప్రొపియోనిక్ ఆమ్లం వస్తుంది. కాలేయం దాన్ని గ్లూకోజుగా మారుస్తుంది, పాల పరిమాణం దాని మీద ఆధారపడుతుంది. ఈ గుంపులోని స్ట్రెప్టోకాకస్ బోవిస్ పిండి దండిగా దొరికితే అరగంటలోపే రెట్టింపవుతూ లాక్టిక్ ఆమ్లాన్ని కుమ్మరిస్తుంది.
- లాక్టిక్ ఆమ్లాన్ని వాడుకునేవి: మెగాస్ఫేరా, సెలెనోమోనాస్ ముఖ్యమైనవి. రెండో గుంపు వదిలిన ఆమ్లాన్ని ఇవి తినేస్తాయి కాబట్టే పొట్ట పులిసిపోకుండా ఉంటుంది.

సమస్యంతా వేగంలోని తేడా దగ్గర వస్తుంది. దాణా పెంచిన కొన్ని గంటల్లోనే రెండో గుంపు పెరిగిపోతుంది. మూడో గుంపు దానికి సరిపడా పెరగాలంటే రెండు మూడు వారాలు పడుతుంది. ఆమ్లాన్ని రక్తంలోకి పీల్చుకునే మొలకలు పొట్ట లోపలి గోడ మీద ఉంటాయి. అవి కొత్త మేతకు తగ్గట్టు పూర్తిగా ఎదగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. ఈ వ్యవధిలో తయారయ్యే ఆమ్లం ఎక్కువ, ఖర్చయ్యేది తక్కువ. పీహెచ్ 5.8 కంటే కిందికి దిగి రోజూ కొన్ని గంటలు అక్కడే ఉంటే పైకి కనిపించని ఎసిడోసిస్ (పొట్టలో ఆమ్లం మితిమీరే జబ్బు) మొదలైనట్టే. 5 కంటే తగ్గితే పశువు ప్రాణానికే ముప్పు.

ఇక కింద చెప్పే ప్రతి మెట్టూ ఈ తేడాను పూడ్చడానికే.

2. మార్చే ముందు వారం: లెక్కలు, సరుకు

ఈ వారం మేతలో ఏమీ మార్చకండి. ఇప్పుడున్న పరిస్థితిని రాసుకోండి. ఇది చేయకపోతే తర్వాత వచ్చిన తేడా మార్పు వల్ల వచ్చిందో మరోదాని వల్లో తేలదు.

- ఇప్పుడు ఇస్తున్న దాణా, ఎండుమేత, పచ్చిమేత మూడూ తూకం వేయండి. "రెండు డబ్బాలు", "ఒక మోపు" అనే లెక్క వద్దు. డబ్బాడు తౌడు బరువు వేరు, డబ్బాడు నూనె చెక్క బరువు వేరు.
- పాల కేంద్రం చీటీలో ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) కనీసం అయిదు రోజులవి రాసుకోండి. ఉదయానివి, సాయంత్రానివి విడివిడిగా ఉండాలి.
- పేడ ఎలా వేస్తోందో ఒక ఫోటో తీసి పెట్టుకోండి.
- పాత మేత, పాత దాణా ఇంకా రెండు వారాలకు సరిపడా ఉన్నాయో లేదో చూడండి.

చివరిది అన్నిటికన్నా ముఖ్యం. చాలా ఇళ్లలో పాత బస్తా అయిపోయిన రోజే కొత్త రకం బస్తా విప్పుతారు. అప్పుడు కలిపి ఇవ్వడానికి పాతది మిగలదు, మార్పు ఒక్క పూటలో జరిగిపోతుంది. కొత్త గడ్డి కోతకొచ్చే సమయం, పాత గడ్డి వాము అడుగంటే సమయం ఒకటి కాకుండా ముందే చూసుకోవాలి.

తర్వాత మేత సమతూకం లెక్క. పాడి పశువు తన బరువులో రోజుకు రెండున్నర నుంచి మూడు శాతం ఎండు పదార్థం తింటుంది. నీరు తీసేస్తే మిగిలేదే ఎండు పదార్థం. పచ్చిమేతలో ఇది సుమారు 20 శాతం, వరిగడ్డిలో, దాణాలో 90 శాతం. ఇందులో దాణా వాటా 40 శాతానికి అటూఇటూగా ఉంటే మంచిది, సగం దాటనివ్వకూడదు.

450 కేజీల సంకరజాతి ఆవు 12 లీటర్లు ఇస్తోందనుకుందాం. శరీర పోషణకు ఒకటిన్నర కేజీ, ప్రతి రెండున్నర లీటర్ల పాలకు కేజీ చొప్పున దాణా సుమారు 6 కేజీలు వస్తుంది. గేదెకైతే ప్రతి రెండు లీటర్లకు కేజీ. దానితో 4 కేజీల వరిగడ్డి, 22 కేజీల పచ్చిమేత వేస్తే ఎండు పదార్థం 13 కేజీలు దాటుతుంది, అందులో దాణా 40 శాతం. ఇదే ఆవుకు పచ్చిమేత లేక వరిగడ్డి నాలుగు కేజీలే వేసి దాణా ఆరు కేజీలు పెడితే దాణా వాటా అరవై శాతం అవుతుంది. వేసవిలో ఫ్యాట్ పడిపోయే చాలా కొట్టాల్లో జరిగేది ఇదే.

3. ఈనిన పశువుకు దాణా పెంచడం

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి వివరంగా చెబుతాను.

వట్టిపోయిన రోజుల్లో పశువు ఎక్కువగా ఎండుగడ్డి మీదే ఉంటుంది. పొట్టలో పీచు తినేవి బలంగా, ఆమ్లం వాడుకునేవి పలుచగా ఉంటాయి. లోపలి గోడ మొలకలు కూడా కురచబడతాయి. ఈనగానే "పాలు దిగాలి" అని అయిదారు కేజీల దాణా పెడితే పొట్ట తట్టుకోలేదు.

అందుకే పని ఈనడానికి మూడు వారాల ముందు మొదలవుతుంది.

- మూడు వారాల ముందు: రోజుకు కేజీ లేదా కేజీన్నర దాణా. ఈనాక ఏ దాణా ఇవ్వబోతున్నారో అదే ఇవ్వండి.
- ఈనే సమయానికి: నెమ్మదిగా రెండున్నర నుంచి మూడు కేజీల దాకా తీసుకురండి. రెండు పూటలుగా పంచండి.
- ఈనిన తొలి మూడు రోజులు: దాణా పెంచవద్దు. మంచి ఎండుగడ్డి, పచ్చిమేత ఎంత తింటే అంత. గోరువెచ్చని నీళ్లు దగ్గరుంచండి.
- నాలుగో రోజు నుంచి: మూడు రోజులకోసారి అర కేజీ పెంచండి. మూడు కేజీల నుంచి ఆరుకు చేరడానికి పద్దెనిమిది రోజులు పడుతుంది.

"అంతవరకు పాలు పోతాయి కదా" అనే టెన్షన్ సహజం. కానీ ఈనిన తొలి వారాల్లో పశువు ఆకలి కూడా నెమ్మదిగానే పుంజుకుంటుంది. దాణాను తొందరగా పెంచితే గడ్డి తినడం తగ్గిస్తుంది, ఆ తర్వాత దాణా కూడా మానేస్తుంది. అలా మేత మానిన పశువు మళ్లీ గాడిన పడేసరికి పాలు దిగే మంచి రోజులు గడిచిపోతాయి.

ప్రతి పెంపుకు ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

- నిన్న వేసిన దాణా మిగల్చకుండా తిన్నదా?
- పేడ గట్టిదనం మారకుండా ఉందా?
- పడుకున్నప్పుడు నెమరు వేస్తోందా?

మూడింటికీ "అవును" అయితేనే పెంచండి. ఒక్కటి "కాదు" అయినా అదే మోతాదు ఇంకో మూడు రోజులు కొనసాగించండి. రెండు "కాదు" అయితే ఒక మెట్టు వెనక్కి రండి.

4. దాణా రకం మార్చడం

పరిమాణం మారకుండా రకం మాత్రం మారుతుంటే పది రోజులు చాలు. మొదటి మూడు రోజులు కొత్తది పావు వంతు, పాతది ముప్పావు. తర్వాత నాలుగు రోజులు సగం సగం. చివరి మూడు రోజులు కొత్తది ముప్పావు. పదకొండో రోజు నుంచి పూర్తిగా కొత్తది.

పత్తి చెక్క, పచ్చి తౌడు లాంటి నూనె ఉన్న సరుకు పెంచుతుంటే మరికొంత జాగ్రత్త కావాలి. మేత మొత్తం ఎండు పదార్థంలో కొవ్వు ఆరు శాతం దాటితే పీచు తినే బ్యాక్టీరియా దెబ్బతింటాయి. నూనె తీయని తౌడులో కొవ్వు 12 శాతానికి పైగానే ఉంటుంది. నూనె తీసిన తౌడుతో ఈ ఇబ్బంది లేదు.

"నూనె సరుకు పెడితే ఫ్యాట్ పెరుగుతుంది" అని చాలామంది నమ్మకం. అతిగా పెడితే జరిగేది దానికి తలకిందులు. గింజ నూనె ఎక్కువై, పీహెచ్ తగ్గి ఉన్నప్పుడు సూక్ష్మజీవులు నూనెను మార్చే దారి మారిపోతుంది. అప్పుడు పుట్టే ట్రాన్స్-10, సిస్-12 అనే కొవ్వు ఆమ్లం పొదుగుకు చేరి, అక్కడ వెన్న తయారీనే తగ్గిస్తుంది. పాలు తగ్గవు, పశువు చురుగ్గానే ఉంటుంది, చీటీలో ఫ్యాట్ మాత్రం పడిపోతుంది. ఇలా పడిన ఫ్యాట్ నూనె సరుకు తగ్గించి పీచు పెంచాక కూడా తిరిగి రావడానికి ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. మూడు రోజులు చూసి "ఫలితం లేదు" అని మళ్లీ మార్చేస్తే మొత్తం మొదటికొస్తుంది.

5. గడ్డి మార్చడం

ఎండుగడ్డి నుంచి పచ్చిమేతకు. తొలకరి తర్వాత అందరూ చేసే మార్పు ఇది. లేత పచ్చిగడ్డిలో పీచు తక్కువ, కరిగే చక్కెర, మాంసకృత్తులు ఎక్కువ. మొదటి రోజు అయిదు కేజీలతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి మూడు నాలుగు కేజీలు పెంచండి. వరిగడ్డి గానీ చొప్ప గానీ పూర్తిగా మానవద్దు, రోజుకు రెండు మూడు కేజీలైనా ఉండాలి.

అలసంద, పిల్లిపెసర, లూసర్న్ లాంటి కాయజాతి మేతలు వానకు తడిసి ఉన్నప్పుడు ఆకలిగా ఉన్న పశువుకు వేయకూడదు. పొట్టలో వాయువు సన్నని నురగగా చిక్కుకుపోయి త్రేన్పుగా బయటికి రాదు, ఎడమ డొక్క ఉబ్బుతుంది. ముందు ఎండుగడ్డి తిననిచ్చి, కాయజాతి మేతను కొంచెం వాడిపోయాక, చొప్పతో కలిపి వేయండి.

సైలేజ్‌కు (పాతర గడ్డికి). ఇది పుల్లటి మేత, పీహెచ్ నాలుగు దగ్గర ఉంటుంది. రోజుకు మూడు నుంచి అయిదు కేజీలతో మొదలుపెట్టి రెండు వారాల్లో 15 కేజీలకు తీసుకురండి. మొక్కజొన్న సైలేజ్‌లో గింజ కూడా ఉంటుంది. కాబట్టి సైలేజ్ పెరిగేకొద్దీ దాణాలోని మొక్కజొన్న నూక తగ్గాలి. దీన్ని చాలామంది మరిచిపోతారు. నల్లబడిన, బూజు పట్టిన పైపొర పారేయాలి, ఎండుగడ్డిలో కలిపి సర్దుబాటు చేయకూడదు.

యూరియా వరిగడ్డికి. 100 కేజీల వరిగడ్డికి 4 కేజీల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి చల్లి, తొక్కి, గాలి చొరకుండా కప్పి 21 రోజులు ఉంచుతారు. తీశాక కొన్ని గంటలు ఆరబెట్టి ఘాటు వాసన పోయాక వేయాలి. ఇందులోని అమ్మోనియాను సూక్ష్మజీవులు తమ శరీర మాంసకృత్తులుగా మార్చుకుంటాయి. అయితే దానికి వాటికి శక్తి కావాలి, కాబట్టి వెంట కొంత దాణా ఉండాలి. మామూలు గడ్డిలో పావు వంతుతో మొదలుపెట్టి పది రోజుల్లో పెంచండి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు, వాటి పొట్టలో ఆ సూక్ష్మజీవులు ఇంకా స్థిరపడి ఉండవు. యూరియా కరిగించిన బకెట్, తొట్టి పశువుకు అందే చోట ఉంచవద్దు. ఆ నీళ్లు తాగితే నిమిషాల్లో విషమవుతుంది.

సుబాబుల్‌కు. ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఒకప్పుడు ఆస్ట్రేలియా పశువులు ఈ ఆకు తిని దెబ్బతినేవి, హవాయి మేకలకు మాత్రం ఏమీ అయ్యేది కాదు. హవాయి మేకల పొట్టలో ఆ విషాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా ఉందని రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త గుర్తించి, దాన్ని ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించాక సమస్య తీరింది. ఆ బ్యాక్టీరియాకు సినర్జిస్టెస్ జోన్సై అని ఆయన పేరే పెట్టారు. మన దగ్గర పాటించాల్సిన జాగ్రత్త చిన్నదే: పచ్చిమేతలో సుబాబుల్ మూడో వంతు దాటనివ్వకండి, కొద్దికొద్దిగా అలవాటు చేయండి.

లేత జొన్న విషయం వేరు. నెలన్నర లోపు జొన్న, వానల్లేక గిడసబారిన జొన్న అలవాటు చేసుకుంటూ వేద్దామనుకోవద్దు. పెద్ద పొట్టలో దాని నుంచి సైనైడ్ విడుదలవుతుంది, పశువు గంటలోపే పడిపోవచ్చు. పూత దశ దాటాకే కోయండి.

6. రోజులో ఏ వేళ ఏది

రోజు మొత్తానికి వేసే మేత సరిగ్గానే ఉన్నా వేళలు తప్పితే పొట్ట పులుస్తుంది.

- పొద్దున్నే ఖాళీ కడుపున దాణా పెట్టవద్దు. ముందు కాస్త ఎండుగడ్డి, అరగంట తర్వాత దాణా.
- ఒక పూటలో రెండు, మహా అయితే రెండున్నర కేజీల దాణా. అంతకు మించితే మూడో పూట పెట్టుకోండి.
- గడ్డిని మరీ పొడిగా కొట్టవద్దు. చాఫ్ కట్టర్‌లో ముక్క రెండు మూడు సెంటీమీటర్లు ఉండాలి. నమిలే పని ఉంటేనే లాలాజలం ఊరుతుంది. ఆవు నోట రోజుకు వంద లీటర్లకు పైగా లాలాజలం ఊరుతుంది. అందులోని బైకార్బనేటే పొట్టలో ఆమ్లాన్ని విరగ్గొట్టే మొదటి మందు.
- కుడితి రోజూ ఒకే తీరుగా ఉండాలి. ఒకరోజు బియ్యం కడుగు, మర్నాడు గంజి, ఆ మర్నాడు మిగిలిన అన్నమంతా అంటే పొట్టకు రోజుకో కొత్త మేత వేసినట్టే.
- నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

వేసవిలో పశువు వగరుస్తూ, చొంగ కారుస్తూ ఉంటుంది. ఆ చొంగతో పొట్టకు చేరాల్సిన బైకార్బనేట్ నేలపాలవుతుంది. పైగా ఎండకు గడ్డి మానేసి దాణా మాత్రమే తింటుంది. అందుకని ఎండాకాలం గడ్డిలో ఎక్కువ భాగం సాయంత్రం చల్లబడ్డాక, తెల్లవారుజామున వేయండి. మార్చి నుంచి జూన్ వరకు పెద్ద మేత మార్పులు పెట్టుకోకపోవడమే మేలని నా అభిప్రాయం.

7. సూక్ష్మజీవులు ఎలా ఉన్నాయో బయటి నుంచి చూసే పద్ధతులు

నెమరు. మేత తిన్న రెండు గంటలకు కొట్టంలోకి చప్పుడు చేయకుండా వెళ్లండి. తినకుండా, నిద్రపోకుండా పడుకుని ఉన్న పశువుల్లో కనీసం సగం నెమరు వేస్తుండాలి. ఒక్కో ముద్దను 50 నుంచి 70 సార్లు నమలాలి. నలభై దగ్గరే మింగేస్తుంటే పీచు సరిపోవడం లేదు.

ఎడమ డొక్క. పక్కటెముకల వెనక ఉన్న గుంటలో పిడికిలి గట్టిగా ఆనించి రెండు నిమిషాలు ఉంచండి. లోపలి నుంచి చేతిని మెల్లగా పైకి నెట్టే కదలిక తెలుస్తుంది. రెండు నిమిషాల్లో రెండు నుంచి నాలుగు సార్లు రావాలి. ఒక్కసారి కూడా రాకపోతే పొట్ట ఆగిపోయినట్టే, డాక్టర్‌ను పిలవండి.

పేడ. పడిన చోట కుప్పలా నిలిచి మధ్యలో చిన్న గుంట ఉంటే బాగున్నట్టు. నీళ్లలా పరుచుకుని, మెరుస్తూ, పైన బుడగలు ఉంటే, పుల్లటి వాసన వస్తే ఆమ్లం ఎక్కువైంది. గుర్రపు లద్దెలా గట్టిగా ఉంటే నీళ్లు గానీ మాంసకృత్తులు గానీ తక్కువ.

దీన్ని ఇంకాస్త దగ్గరగా చూడొచ్చు. రెండు దోసిళ్ల తాజా పేడ పాత పిండి జల్లెడలో వేసి, పైనుంచి సన్నగా నీళ్లు పోస్తూ చేత్తో కలపండి. పచ్చని నీరంతా పోయి నీళ్లు తేటపడ్డాక జల్లెడలో మిగిలింది తెల్ల గుడ్డ మీద పరవండి. సన్నని పీచు మాత్రమే ఉంటే పొట్ట పని బాగున్నట్టు. పగలని మొక్కజొన్న పలుకులు ఎక్కువగా ఉంటే నూక మరీ పెద్దదిగా ఆడించారు లేదా మేత పొట్టలో నిలవకుండా జారిపోతోంది. సెంటీమీటరు దాటిన గడ్డి పుల్లలు చాలా కనిపిస్తే పీచు తినేవి దెబ్బతిన్నాయని అర్థం. జిగటగా, పారదర్శకంగా పొరలు తేలితే పేగు గోడ వరకు ఇబ్బంది పాకింది, దాణా వెంటనే తగ్గించండి.

పాల చీటీ. ఉదయం ఫ్యాట్‌ను ఉదయంతోనే, సాయంత్రాన్ని సాయంత్రంతోనే పోల్చండి. రెండు పితుకుళ్ల మధ్య గంటలు తక్కువైతే ఫ్యాట్ మామూలుగానే ఎక్కువ వస్తుంది. మేతను తప్పుపట్టే ముందు ఇంకోటి చూడండి. చివరి ధారల్లో వెన్న ఎక్కువ. ఆ పాలు దూడకు వదిలేస్తుంటే చీటీలో ఫ్యాట్ పడుతుంది, దానికి మేతతో సంబంధం లేదు.

డాక్టర్ చేసే పరీక్ష. అనుమానం తీరకపోతే గొట్టంతో కొంచెం పెద్ద పొట్ట ద్రవం తీయించి పీహెచ్ చూపించవచ్చు. అదే ద్రవంలో మిథైలిన్ బ్లూ కలిపితే ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ నీలం మూడు నుంచి ఆరు నిమిషాల్లో విరిగిపోతుంది. పదిహేను నిమిషాలైనా పోకపోతే సూక్ష్మజీవులు నీరసించాయి. సూక్ష్మదర్శినిలో ప్రోటోజోవా కదులుతూ కనిపించాలి. ఆమ్లం పెరిగితే ముందు చచ్చేవి అవే.

8. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాటు

ఒకేసారి రెండు మార్పులు. కొత్త దాణా, కొత్త గడ్డి ఒకే వారంలో మొదలుపెడతారు. తేడా వస్తే దేనివల్లో తెలియదు. దిద్దుబాటు: రెండూ ఆపి పాత మేతకు రండి, పేడ కుదురుకున్నాక ముందు గడ్డి, అది పూర్తయ్యాక దాణా.

పేడ పలచబడగానే ఇంకో కొత్తది వేయడం. పొట్టకు ఇది మూడో మార్పు. దిద్దుబాటు: దాణా సగానికి తగ్గించి, ఎండుగడ్డి కావాల్సినంత వేసి మూడు రోజులు ఓపిక పట్టండి.

పాలు పెరిగాయని ఆ రోజే దాణా పెంచడం, తగ్గాయని ఆ రోజే కోసేయడం. వారం సగటు చూసి నిర్ణయించండి.

ఏరుకుని తిననివ్వడం. తొట్టిలో దాణా, గడ్డి కలిపి వేస్తే తెలివైన పశువు దాణా ఏరుకుని తిని గడ్డి వదిలేస్తుంది. కాగితం మీద 40 శాతం దాణా, కడుపులో 60 శాతం. కొంచెం నీళ్లు చిలకరించి కలిపితే దాణా గడ్డికి అంటుకుంటుంది.

యాంటీబయాటిక్ నోటి ద్వారా ఇచ్చేయడం. పారుడు చూసి షాపులో మాత్రలు తెచ్చి మింగిస్తారు. పెద్ద పొట్టలోని మంచి బ్యాక్టీరియా కూడా వాటితో పోతాయి. డాక్టర్ చెప్పకుండా వద్దు.

9. పెళ్లి అన్నం తిన్న పశువు

ఇది అత్యవసరం. పెళ్లి భోజనాల్లో మిగిలిన అన్నం తెచ్చి తొట్టిలో పోయడం, కళ్లంలో మొక్కజొన్న కుప్ప మీద పశువు పడటం ఊళ్లలో మామూలే. ఉడికిన అన్నంలోని పిండి పొట్టలో చాలా త్వరగా పులుస్తుంది. తిన్న పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల్లో పశువు మందగిస్తుంది, మేత, నెమరు ఆపేస్తుంది, పొట్టలో నీళ్లు చేరి గలగలమంటాయి, పుల్లటి పారుడు మొదలవుతుంది, తూలుతుంది.

- తిన్నదని తెలిసిన క్షణం డాక్టర్‌ను పిలవండి, లేదా పశువైద్య అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. లక్షణాలు కనిపించే వరకు ఆగవద్దు.
- అన్నం, దాణా, కుడితి అన్నీ ఆపండి. ఎండుగడ్డి మాత్రమే ఇవ్వండి.
- నిలబడగలిగితే మధ్యమధ్య నెమ్మదిగా నడిపించండి.
- తల పైకెత్తి సీసాతో నూనె, మజ్జిగ పోయవద్దు. నీరసంగా ఉన్న పశువుకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మజ్జిగ కూడా పులుపే, అందులోనూ లాక్టిక్ ఆమ్లమే ఉంటుంది.
- ఎంత తిన్నది, ఎన్ని గంటలైంది రాసుకుని డాక్టర్‌కు చెప్పండి. చికిత్స దాని మీదే ఆధారపడుతుంది.

ప్రాణం దక్కాక కూడా పొట్టలో సూక్ష్మజీవులు దాదాపు తుడిచిపెట్టుకుపోయి ఉంటాయి. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న పశువు పొట్ట ద్రవాన్ని వడగట్టి, వెచ్చదనం పోకముందే గొట్టంతో దీని పొట్టలోకి ఎక్కిస్తారు. పాలలో తోడు వేసినట్టే ఇది. డాక్టర్‌ను అడిగి చేయించండి. ఆ తర్వాత రెండు వారాలు ఎండుగడ్డి మీదే ఉంచి, దాణాను పైన మూడో భాగంలో చెప్పినట్టు మళ్లీ మొదటి నుంచి పెంచాలి.

10. సోడా, ఈస్ట్, పొడులు: ఎంతవరకు

తినే సోడా రోజుకు 50 నుంచి 100 గ్రాములు దాణాలో కలిపితే ఆమ్లం పెరిగే రోజుల్లో ఆసరా అవుతుంది. దాణా పెంచే వారాల్లో, ఎండాకాలంలో వాడండి. గడ్డి తక్కువ వేసి సోడాతో సరిపెట్టడం కుదరదు.

బతికున్న ఈస్ట్ పొట్టలోకి చేరే కొద్దిపాటి ఆక్సిజన్‌ను వాడేసి పీచు తినేవాటికి, లాక్టిక్ ఆమ్లం వాడుకునేవాటికి సాయపడుతుంది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద తయారీ తేదీ చూడండి, ఎండలో, వేడి గదిలో ఉంచిన ప్యాకెట్ తీసుకోవద్దు. వేడి దాణా నీళ్లలో కలపవద్దు, ఈస్ట్ చచ్చిపోతుంది.

"ఒక్కసారి వాడితే పొట్టలో మంచి బ్యాక్టీరియా శాశ్వతంగా స్థిరపడుతుంది" అనే పొడుల విషయంలో మాత్రం తొందరపడి డబ్బు పెట్టకండి. అమెరికాలో 2010లో వెలువడిన ఒక ప్రయోగంలో రెండు ఆవుల పెద్ద పొట్టల్లోని సరుకు దాదాపు మొత్తం ఒకదాని నుంచి ఇంకొకదానికి మార్చారు. ఒక్క రోజులోనే పీహెచ్ దేనిది దానికి వచ్చేసింది. వారాలు గడిచేసరికి బ్యాక్టీరియా కూడా దేని పాత గుంపు దానికి తిరిగి వచ్చింది. ఇంత పెద్ద మార్పే నిలవనప్పుడు చెంచాడు పొడి నిలుస్తుందనుకోలేం. సుబాబుల్ విషాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియాలా, పొట్టలో వేరెవరూ చేయని పని చేసేవి ఆ మేత అందినంత కాలం నిలవగలవు.

ఒకే కొట్టంలో ఒకే మేత తినే రెండు గేదెల్లో ఒకటి పది రోజుల్లో అలవాటుపడితే, ఇంకొకటి మూడు వారాలు తీసుకోవడానికి కారణం కూడా ఏ పశువు పొట్టలోని గుంపు దానిదే కావడం. కొత్త మేతను మందంతటికీ ఒకేసారి పెంచకుండా, పేడ పలచబడిన పశువును పక్కన కట్టి, దాని మెట్టు దగ్గరే ఇంకో నాలుగు రోజులు ఆపండి.